సర్జరీ ఒక్క పూట, నిల్వల లెక్క ఏళ్ల తరబడి

బరువు తగ్గే సర్జరీ చేయించుకున్నవాళ్లు మొదటి ఏడాదంతా ఒకే అంకె చూస్తుంటారు. బరువు చూసుకునే మెషిన్ మీద అంకె అది. వారం వారం దిగుతుంటే అంతా సవ్యంగానే ఉన్నట్టు అనిపిస్తుంది. బట్టలు వదులవుతాయి, మోకాళ్ల నొప్పి తగ్గుతుంది, షుగర్ మాత్రల మోతాదు తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే ఒంట్లో ఇంకొన్ని అంకెలు కూడా దిగుతుంటాయి. కాలేయంలో దాచుకున్న బి12, ఫెరిటిన్ రూపంలో ఉండే ఐరన్, ఎముకల్లోని కాల్షియం. వీటిని ఏ మెషినూ చూపించదు. పైగా ఇవన్నీ ఒకేసారి అడుగంటవు. థయమిన్ (విటమిన్ బి1) వారాల్లో అయిపోతుంది, ఐరన్ నెలల్లో తగ్గుతుంది, బి12 నిల్వ కరగడానికి ఏళ్లు పడుతుంది. ఎముక సంగతి బయటపడేసరికి ఇంకా ఆలస్యం కావచ్చు.

మనుషుల జాగ్రత్త మాత్రం దీనికి తలకిందులుగా నడుస్తుంది. మొదటి మూడు నెలలు టైం చూసుకుని మరీ మాత్రలు వేసుకుంటారు. రెండో ఏడాదికి బరువు ఒక చోట నిలబడుతుంది, ఒంట్లో హుషారుగా ఉంటుంది, "అంతా బాగానే ఉంది కదా" అని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేస్తారు. నెమ్మదిగా తగ్గే నిల్వలకు అడుగు కనిపించే కాలం కూడా అదే. సర్జరీ తర్వాత వచ్చే పోషణ సమస్యల్లో చాలావాటికి మూలం ఈ రెండు క్యాలెండర్లు కలవకపోవడంలోనే ఉంది.

కోసింది ఎక్కడ, తగ్గేది ఏమిటి

ఇప్పుడు ఎక్కువగా చేసే ఆపరేషన్లు రెండు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. సన్నటి గొట్టం లాంటి భాగం మిగులుతుంది. పేగుల జోలికి వెళ్లరు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేస్తారు. కోడిగుడ్డు కంటే చిన్నది. దాన్ని చిన్నపేగులో కాస్త కింది భాగానికి కలుపుతారు. తిన్నది మిగతా జీర్ణాశయాన్నీ, డుయోడినం అనే చిన్నపేగు తొలి భాగాన్నీ తాకకుండానే కిందికి పోతుంది.

ఆ తప్పించిన దారిలోనే అసలు చిక్కు ఉంది. ఐరన్, కాల్షియం ఒంటికి పట్టేది ముఖ్యంగా డుయోడినంలో, దాన్ని ఆనుకుని ఉన్న పేగులో. బి12 కథ ఇంకాస్త పొడుగు. జీర్ణాశయంలోని యాసిడ్ దాన్ని ఆహారం నుంచి విడదీయాలి. జీర్ణాశయపు గోడ తయారుచేసే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకోవాలి. ఆ జంట చిన్నపేగు చివరిదాకా ప్రయాణిస్తేనే విటమిన్ రక్తంలోకి వెళ్తుంది. బైపాస్‌లో ఈ గొలుసు దాదాపు తెగిపోతుంది, స్లీవ్‌లో బలహీనపడుతుంది. "నాది స్లీవే, పేగులు అలాగే ఉన్నాయి, విటమిన్లతో పనేముంది" అనే వాదన అందుకే నిలవదు. తినేది బాగా తగ్గిపోవడం ఒక్కటే చాలు, లోపం రావడానికి. డుయోడినల్ స్విచ్ లాంటి ఆపరేషన్లలో పేగును ఇంకా ఎక్కువగా దాటవేస్తారు కాబట్టి కొవ్వుతోపాటు కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా జారిపోతాయి. వాటి మోతాదులు వేరే లెక్క.

ఇంకో సంగతి చాలామందికి వింతగా అనిపిస్తుంది. ఆపరేషన్ టేబుల్ ఎక్కేనాటికే ఎంతోమందిలో విటమిన్ డి, ఐరన్ తక్కువగా ఉంటాయి. ఇంత బరువున్న మనిషికి పోషణ లోపమేమిటి అనుకుంటారు. కేలరీలు వేరు, పోషకాలు వేరు. విటమిన్ డి కొవ్వులోకి వెళ్లి రక్తంలో పలచబడుతుంది. అధిక బరువుతో ఒంట్లో సన్నగా సాగే ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) ఐరన్‌ను పేగు దాటి రక్తంలోకి రానివ్వదు. అంటే నిల్వలు సగం ఖాళీ అయిన ఇంటికే సరఫరా కూడా తగ్గిస్తున్నారన్నమాట. ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్షలు చేయించి లోటు పూడ్చుకోమనడం అందుకే.

వైద్యులు ఈ పాఠం నేర్చుకున్నది చేదు అనుభవంతోనే. 1950ల్లో మొదలైన జెజునోఇలియల్ బైపాస్‌లో చిన్నపేగులో చాలా భాగాన్ని ఆహారపు దారి నుంచి తప్పించేవారు. బరువు బాగానే తగ్గేది. దానితోపాటే విరేచనాలు, కిడ్నీలో రాళ్లు, కాలేయం చెడిపోవడం వచ్చేవి. చివరికి ఆ పద్ధతినే వదిలేశారు. 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టిన గ్యాస్ట్రిక్ బైపాస్ పేగుల మీద భారం తగ్గించి, జీర్ణాశయాన్ని చిన్నది చేయడం మీద ఎక్కువగా ఆధారపడింది. సమస్య తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

మొదటి వారాల్లో తిండి తర్వాత, నీళ్లు ముందు

ఇంటికి రాగానే అందరికీ ప్రోటీన్ టెన్షన్ పట్టుకుంటుంది. తొలి వారాల్లో మనిషిని మళ్లీ ఆసుపత్రికి తీసుకొచ్చే ముఖ్య కారణాల్లో ఒకటి మాత్రం ఒంట్లో నీళ్లు చాలకపోవడం. రోజుకు కనీసం ఒకటిన్నర లీటరు తాగమంటారు. వినడానికి అదెంత పని అనిపిస్తుంది. మందు సీసా మూతకు తగిలించి ఇచ్చే 30 మిల్లీలీటర్ల చిన్న కప్పు తీసుకుని లెక్క వేస్తే తెలుస్తుంది. ఒకటిన్నర లీటరంటే అలాంటివి 50 కప్పులు. పావుగంటకు ఒక కప్పు చొప్పున తాగితే పన్నెండున్నర గంటలు. మెలకువగా ఉన్న రోజంతా అదే పని. "దాహం వేస్తే తాగుదాం" అనుకుంటే సాయంత్రానికి అర లీటరు కూడా దాటదు. తల తిరగడం, మూత్రం ముదురు రంగులో రావడం, వికారం మొదలవుతాయి. ఆ వికారం వల్ల తాగేది ఇంకా తగ్గుతుంది.

ఆహారం మెట్లు మెట్లుగా వస్తుంది. ముందు పలచటి ద్రవాలు, తర్వాత చిక్కటి ద్రవాలు, ఆ తర్వాత మెత్తగా రుబ్బినవి, మెత్తగా ఉడికినవి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి. ఏ మెట్టు ఎన్నాళ్లన్నది ఒక్కో ఆసుపత్రిలో ఒక్కోలా ఉంటుంది, ఆపరేషన్ చేసిన బృందం చెప్పినదే లెక్క. తినేటప్పుడు తాగకుండా, తిన్నాక అరగంట ఆగి తాగమనడం మాత్రం దాదాపు అందరూ చెప్పే మాట. చోటు కొంచెమే కాబట్టి ఆ చోటును నీళ్లు ఆక్రమిస్తే తిండికి దక్కదు.

అన్నిటికన్నా ముందు అయిపోయేది

థయమిన్, అంటే విటమిన్ బి1, గురించి బయట పెద్దగా మాట్లాడుకోరు. మాట్లాడుకోవాల్సింది దాని గురించే. ఒంట్లో దాని నిల్వ మొత్తం కలిపి సుమారు 30 మిల్లీగ్రాములు. రెండు మూడు వారాలు లోపలికి ఏమీ వెళ్లకపోతే ఖాళీ అయిపోతుంది. సర్జరీ తర్వాత మొదటి మూడు నెలల్లో ఎవరికైనా ఆగకుండా వాంతులు అవుతున్నాయనుకుందాం. చాలామంది దీన్ని "కొత్త కడుపు, అలవాటవుతుందిలే" అని సరిపెట్టుకుంటారు. తిన్నది నిలవదు, మాత్రా నిలవదు. మూడో వారానికి నడక తూలుతుంది, చూపు రెండుగా కనబడుతుంది, మాట పొంతన తప్పుతుంది. దీన్నే వెర్నిక్ ఎన్‌సెఫలోపతి అంటారు. మెదడుకు జరిగే నష్టం ఇది. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. వాంతులతో నీరసించిన మనిషిని దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్తే మొదట చేసే పని గ్లూకోజ్ ఎక్కించడం. గ్లూకోజ్‌ను శక్తిగా మార్చడానికి థయమిన్ కావాలి. ఉన్న కాస్త థయమిన్ కూడా అందులో ఖర్చయిపోయి పరిస్థితి ఇంకా దిగజారవచ్చు. అందుకే థయమిన్ ఇంజెక్షన్ ముందు లేదా గ్లూకోజ్‌తో పాటే ఇవ్వాలన్నది నియమం. అక్కడి డ్యూటీ డాక్టర్‌కు ఈ మనిషికి బేరియాట్రిక్, అంటే బరువు తగ్గే, సర్జరీ అయిందన్న సంగతి తెలిస్తే కదా ఆ ఆలోచన వచ్చేది. వెంట వెళ్లినవాళ్లు "వాంతులు" అన్న మాట కన్నా ముందు "ఆపరేషన్" అన్న మాట చెప్పడం మంచిది. రెండు మూడు రోజులకు మించి వాంతులు ఆగకపోతే ఇంట్లో కూర్చుని చూడాల్సిన విషయం కాదు.

ప్రోటీన్, కండ, జుట్టు

రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అన్నది సాధారణంగా పెట్టే లక్ష్యం. తగ్గే బరువంతా కొవ్వే కాదు, అందులో కండ కూడా ఉంటుంది. ప్రోటీన్ చాలకపోయినా, కండరాలకు పని చెప్పకపోయినా ఆ వాటా పెరుగుతుంది. నడక గుండెకు మంచిదే కానీ కండ నిలవాలంటే బరువులెత్తడమో, రబ్బరు బ్యాండ్లతో లాగడమో, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదే పదే లేవడమో ఉండాలి. ఎప్పుడు మొదలుపెట్టాలన్నది గాయం మానడాన్ని బట్టి సర్జన్ చెబుతారు.

ప్రోటీన్ పౌడర్ల విషయంలో డబ్బా ముందు వైపు అంకె కన్నా వెనక వైపు పేరు ముఖ్యం. పాల నుంచి తీసే వే ప్రోటీన్‌లో ఒంటికి తప్పనిసరైన అమైనో ఆమ్లాలన్నీ ఉంటాయి. చర్మానికి, జుట్టుకు మంచిదని అమ్మే కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అసలే ఉండదు. 20 గ్రాముల కొలాజెన్ తాగి 20 గ్రాముల ప్రోటీన్ లెక్కలో రాసుకుంటే ఆ లెక్క తప్పుతుంది.

జుట్టు రాలడం చాలామందిని ఆపరేషన్ కన్నా ఎక్కువ భయపెడుతుంది. మూడో నెల దగ్గర మొదలై కొన్ని నెలలు సాగుతుంది. వేగంగా బరువు తగ్గిన షాక్‌కు వెంట్రుకల కుదుళ్లు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్లడం దీనికి కారణం. ఎక్కువమందిలో తిరిగి మొలుస్తుంది. ఆరు నెలలు దాటాక కూడా రాలుతుంటేనో, అప్పుడే కొత్తగా మొదలైతేనో ఐరన్, జింక్, ప్రోటీన్ వైపు చూడాలి. అందరూ ముందు కొనేది బయోటిన్. దాని లోపం లేనివాళ్లకు అది జుట్టు నిలబెడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్, గుండెపోటు నిర్ధారణకు చేసే ట్రోపోనిన్ లాంటి కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. రక్తం ఇచ్చే ముందు ల్యాబ్‌లో ఈ మాట చెప్పాలి.

మాత్రలు ఒకదాన్నొకటి అడ్డుకుంటే

అమెరికన్ బేరియాట్రిక్ సర్జన్ల సంఘం మార్గదర్శకాల ప్రకారం స్లీవ్, బైపాస్ అయినవాళ్లకు రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. నెలసరి వచ్చే స్త్రీలకు, స్లీవ్ లేదా బైపాస్ అయినవాళ్లకు ఐరన్ 45 నుంచి 60 మిల్లీగ్రాములు. విటమిన్ డి 3000 యూనిట్లు, రక్తంలో స్థాయి మిల్లీలీటరుకు 30 నానోగ్రాములు దాటేవరకు. ఇవి పెద్దలకు చెప్పిన సాధారణ మోతాదులు. ఎవరికి ఎంతన్నది వాళ్ల రిపోర్టు తేలుస్తుంది. అంకెలు తెలిశాక కూడా వీటిని ఒక రోజులో ఇమడ్చడం చిన్న పజిల్ లాంటిదే.

కాల్షియం ఒక విడతకు 500 నుంచి 600 మిల్లీగ్రాములకు మించి సరిగా పట్టదు, కాబట్టి రెండు మూడు విడతలు కావాలి. కాల్షియం, ఐరన్ ఒకేసారి వేసుకుంటే ఒకదానికొకటి అడ్డు, మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. టీ, కాఫీ కూడా ఐరన్‌ను పట్టనివ్వవు. మల్టీవిటమిన్‌లో ఐరన్ ఉంటే దానికీ ఇదే నియమం. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు కాల్షియం నుంచీ ఐరన్ నుంచీ దాన్ని నాలుగు గంటలు దూరం పెట్టాలి. పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర, మూడు పూటలా తిండితో కాల్షియం, పడుకోబోయే ముందు ఐరన్ అనుకుంటే ఎలాగోలా కుదురుతుంది. పొద్దున టిఫిన్‌తో కాల్షియం వేసుకోవాలంటే థైరాయిడ్ మాత్ర తెల్లవారుజామునే పడాలి. అందుకే చాలామంది మధ్యలో ఏదో ఒకటి వదిలేస్తారు. బద్ధకం అనడం తేలిక కానీ రోజుకు ఆరేడుసార్లు టైం చూసుకోవాల్సిన పని ఏళ్ల తరబడి చేయడం ఎవరికైనా కష్టమే. వదిలేయడం కన్నా, "ఇవన్నీ కుదరడం లేదు, ఏది ముఖ్యం" అని డాక్టర్‌ను అడగడం మేలు.

కాల్షియం లేబుల్ చదవడం మరో కళ. కార్బొనేట్ రకం కరగాలంటే యాసిడ్ కావాలి, సర్జరీ తర్వాత అదే తక్కువ. సిట్రేట్ రకానికి యాసిడ్‌తో పని లేదు, అందుకే దాన్ని సూచిస్తారు. ఇక్కడొక మెలిక ఉంది. సిట్రేట్ బరువులో అసలు కాల్షియం 21 శాతమే. "కాల్షియం సిట్రేట్ 1000 మి.గ్రా." అని రాసి ఉంటే అందులో కాల్షియం దాదాపు 210 మిల్లీగ్రాములు. రోజుకు ఒకటి వేసుకుని వెయ్యి పూర్తయిందనుకుంటే ఐదో వంతు దగ్గరే ఆగినట్టు. లేబుల్ మీద ఎలిమెంటల్ కాల్షియం, అంటే అసలు కాల్షియం, ఎంత అన్నదే చూడాలి. ఐరన్‌కూ ఇదే చూపు. చప్పరించే జెల్లీ విటమిన్లు రుచిగా ఉంటాయి, కానీ చాలావాటిలో ఐరన్ అసలు ఉండదు.

బి12 విషయంలో లెక్క తిరగబడుతుంది. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ సాయం లేకుండా కూడా మింగిన బి12లో సుమారు ఒక శాతం పేగు గోడలోంచి దానంతటదే లోపలికి జారుతుంది. 1000 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటే అలా 10 మైక్రోగ్రాములు దక్కుతాయి. రోజు అవసరం 2.4 మైక్రోగ్రాములే. అంత పెద్ద మోతాదు ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇదే. మాత్ర మరచిపోయేవాళ్లకు నెలకొక ఇంజెక్షన్ దారి ఉంది. కాలేయంలో నిల్వ చాలా ఉంటుంది కాబట్టి మానేసినా ఏడాది, రెండేళ్లు ఏమీ తెలియకపోవచ్చు. తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తడబాటు. ఫోలిక్ యాసిడ్ మాత్రమే వేసుకుంటుంటే రక్తహీనత కనబడకుండా కప్పేస్తుంది, నరాల నష్టం లోలోపల సాగుతుంది. రాగి, అంటే కాపర్, లోపం కూడా అచ్చం ఇలాగే తిమ్మిర్లతో వస్తుంది. జుట్టు కోసం జింక్ మాత్రలు విడిగా ఎక్కువగా వేసుకునేవాళ్లు దీన్ని చేజేతులా తెచ్చుకుంటారు, జింక్ ఎక్కువైతే కాపర్ పట్టదు. 8 నుంచి 15 మిల్లీగ్రాముల జింక్‌కు ఒక మిల్లీగ్రాము కాపర్ ఉండాలన్నది పద్ధతి.

నార్మల్ అని రాసిన రిపోర్టు

రిపోర్టులో కాల్షియం 9.2 అని ఉంటుంది, పక్కన నార్మల్ అని ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, నరాలు తట్టుకోలేవు కాబట్టి ఒళ్లు దాన్ని ఎలాగైనా నిలబెడుతుంది. తిండి నుంచి రాకపోతే పారాథైరాయిడ్ గ్రంథులు పీటీహెచ్ హార్మోన్ పెంచి ఎముకలోంచి తీస్తాయి. రక్తంలో అంకె బాగుండటానికి ఎముక మూల్యం చెల్లిస్తుందన్నమాట. పీటీహెచ్, విటమిన్ డి పక్కపక్కన చూస్తేనే అసలు కథ తెలుస్తుంది. ఐరన్‌లోనూ అంతే. హిమోగ్లోబిన్ పడిపోయేది చివర్న, ఫెరిటిన్ ముందే పడుతుంది. 3, 6, 12 నెలలకు, ఆపై ఏడాదికోసారి పరీక్షలు చేయించమంటారు. అందులో ఈ పేర్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి. మామూలు హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఇవన్నీ ఉంటాయనుకోవద్దు.

ఇంకొన్ని సంగతులు క్లుప్తంగా. బైపాస్ తర్వాత తీపి ఎక్కువగా తింటే అరగంట లోపే కడుపు నొప్పి, చెమటలు, గుండె దడ రావచ్చు, దీన్నే డంపింగ్ అంటారు. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్లు తిరిగితే అది డంపింగ్‌లో రెండో రకం, దానికి చక్కెర నోట్లో వేసుకోవడం ఆ పూటకు సాయపడుతుంది కానీ మళ్లీ అదే చక్రం మొదలవుతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, పొగతాగడం బైపాస్ అతుకు దగ్గర పుండు తెస్తాయి. మద్యం మునుపటికన్నా వేగంగా, ఎక్కువగా ఎక్కుతుంది. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి, వాటికి ముందు జాగ్రత్తగా కొన్ని నెలలు మందు ఇస్తారు. గర్భం 12 నుంచి 18 నెలలు ఆగాకే మంచిదంటారు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్ర సరిగా పట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి అడగాలి.

అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే లక్షణం సర్జన్ దగ్గరికి వెళ్లదు. ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన తిమ్మిర్లు నరాల డాక్టర్ దగ్గరికి, నడుం నొప్పి ఎముకల డాక్టర్ దగ్గరికి, ఆయాసం జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్తాయి. సన్నగా ఉన్న మనిషిని చూసి బరువు సర్జరీ సంగతి ఎవరికీ తట్టదు, ఆ మనిషికి కూడా అది పాత విషయం అయిపోయి ఉంటుంది. పర్సులో ఒక చిన్న కాగితం ఉంచుకుంటే చాలు: స్లీవా, బైపాసా, స్విచ్చా, ఏ సంవత్సరం, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు ఏమిటి, చివరిసారి ఫెరిటిన్, బి12, పీటీహెచ్ ఎంత.